కారులోనూ ఒక తిరగవాత డబ్బా

తిరగవాత వేసేటప్పుడు మీ చేతుల్ని ఎప్పుడైనా గమనించారా? బాణలిలో నూనె కాగింది. ఆవాలు వెయ్యాలి, అవి చిటపటమనగానే జీలకర్ర, వెంటనే ఎండుమిరపకాయ, ఆ పైన కరివేపాకు. అంతా అర నిమిషంలో అయిపోవాలి, లేకపోతే మాడిపోతుంది. ఆ అర నిమిషం మన కళ్ళు బాణలి మీదే ఉంటాయి గానీ డబ్బా మీద ఉండవు. ఆవాల గిన్నె ఏ మూల ఉందో మన చేతికే తెలుసు. సాయం చేస్తామని ఎవరో వచ్చి ఆవాల చోట మెంతులు పోసి పోయారనుకోండి, ఆ పూట పప్పు చేదే!

వంటింట్లో ఇంత ముచ్చటగా సర్దుకునే మనం కారెక్కేసరికి ఏమైపోతామో తెలియదు. నీళ్ళ సీసా సీటు మీదికి విసిరేస్తాం. తాళాలు ఒళ్ళో, ఫోను తొడ కింద, చిల్లర గేరు ముందున్న గుంటలో, కళ్ళజోడు ఎక్కడో. ఆసుపత్రి కాగితాలు, మందులు, పండ్లు అన్నీ కలిపి ఒకే సంచిలో కుక్కి వెనక సీటులో పడేస్తాం. నేనూ అంతే. పోయిన ఎండాకాలంలో ఒకనాడు జరిగిన సంగతి మీకు చెప్పాలి. చెప్పుకుంటే సిగ్గుగానే ఉంది గానీ, మీలో ఎవరికైనా పనికొస్తుందని చెబుతున్నాను.

మా ఊరు గార్లదిన్నె. అనంతపురం నుంచి గుత్తి వైపు హైవే మీద పోతుంటే వస్తుంది. మా అత్తమ్మకు షుగరు. నెలకొకసారి పరగడుపున రక్త పరీక్ష చేయించి అనంతపురంలో డాక్టరమ్మకు చూపించాలి. బస్సులో నిలబడే ఓపిక ఆమెకు లేదు, మా ఆయనకు చేను పనులతో తీరిక లేదు. అందుకని నలభై దాటాక నేనే డ్రైవింగు నేర్చుకున్నాను. ఒక పాత కారు కొన్నాం.

ఆ రోజు పరీక్ష అయ్యేసరికి పొద్దు బాగా ఎక్కింది. అత్తమ్మ ఇన్సులిన్ వేసుకుంది గానీ హోటల్లో తిండి సయించక ఒక్క ఇడ్లీ తిని లేచింది. "ఇంటికి పోయి తింటాలే" అనింది. నేనూ సరేనన్నాను. అదీ నా తప్పే. ఊరు ఇంకా నాలుగైదు కిలోమీటర్లు ఉందనగా, "అమ్మీ, కండ్లు తిరుగుతుండాయే. చేతులు వణుకుతుండాయి" అనింది. పక్కకు చూస్తే మొహం నిండా చెమట. ఏసీ తిరుగుతూనే ఉంది.

షుగరు పడిపోయిందని తెలిసిపోయింది. చక్కెర పొట్లం లేక కాదు, ఉంది. ఎక్కడుంది? వెనక సీటులో పెద్ద సంచిలో, రిపోర్టుల కింద, టిఫిను డబ్బా కింద. బండి పక్కకు తీసి ఆపాల్సింది. ఆ బుద్ధి అప్పుడు రాలేదు. హైవే దిగి పక్క రోడ్డు పట్టి, పోతూనే ఎడమ చెయ్యి వెనక్కి చాపి సంచిలో వెతికాను. సంచి పక్కకు ఒరిగింది. అందులోని నీళ్ళ సీసా కింద పడింది. ముందు మలుపు ఉందని కొద్దిగా బ్రేకు తొక్కేసరికి ఆ సీసా నా సీటు కింద నుంచి దొర్లుకుంటూ ముందుకు వచ్చింది.

మలుపు తిరిగితే రోడ్డు నిండా గొర్రెలు. బ్రేకు తొక్కాను. దిగలేదు. బండరాయిని తొక్కినట్టుంది. సీసా పెడలు కింద ఇరుక్కుంది. హ్యాండ్ బ్రేకు ఎట్లా లాగానో నాకే తెలియదు. గొర్రెలకు బారెడు దూరంలో బండి ఆగింది. గొర్రెలు కాసే పెద్దాయన కట్టె ఎత్తుకుని వచ్చి "ఏమ్మా, కండ్లు కనపడలేదా?" అన్నాడు. ఏమని చెప్పాలి? కండ్లు ముందు లేవు, వెనక సీటు సంచిలో ఉన్నాయని చెప్పాలా?

దిగి, సంచి మొత్తం రోడ్డు మీద కుమ్మరించి, గ్లాసులో చక్కెర కలిపి తాపించాను. పావుగంటకు అత్తమ్మ మొహంలో తేట వచ్చింది. నేను ఇంకా వణుకుతూనే ఉన్నాను. ఆమె నన్ను చూసి, "ఆ చక్కెర పొట్లం పొద్దున్నే నా ఒళ్ళో పెట్టింటే పోయేది కదే" అనింది. అంతే. అంత చిన్న మాట. అప్పటి నుంచీ ఆ మాట మీదే నా ఆలోచనంతా.

మూడు సెకన్లకు యాభై మీటర్లు

మీరు లెక్క వేసుకోండి. గంటకు 60 కిలోమీటర్ల వేగం అంటే నిమిషానికి ఒక కిలోమీటరు. అంటే సెకనుకు 16 మీటర్లు దాటి పోతోందన్నమాట. కింద పడిన కళ్ళజోడు కోసమో, మోగుతున్న ఫోను కోసమో మూడు సెకన్లు చూపు పక్కకు తిప్పితే, బండి 50 మీటర్లు గుడ్డిగా పోయినట్టే. హైవే మీద 80లో పోతుంటే అదే మూడు సెకన్లకు 66 మీటర్లు. మన వీధిలో పది పన్నెండు ఇళ్ళు దాటిపోయేంత దూరం!

అందుకని కారులో వస్తువు దగ్గరగా ఉంటే చాలదు. చూడకుండా చేతికి దొరకాలి. దొరికిన వస్తువు తిరిగి అదే చోట కదలకుండా కూర్చోవాలి. ఈ రెండూ లేకపోతే వంద అరలున్నా దండగే.

ఈ కిటుకు మన పెద్దవాళ్ళకు బాగా తెలుసు. మా అవ్వకు నడుముకు దోపుకునే వక్కాకు సంచి ఉండేది. ఎర్ర గుడ్డతో కుట్టింది, నోటికి దారం. చూడ్డానికి అరచేయంత, లోపల మాత్రం నాలుగు అరలు. ఒకదాంట్లో ఆకు, ఒకదాంట్లో వక్క, ఒకదాంట్లో సున్నం కాయ, అన్నిటికంటే లోపలి అరలో చిల్లర. కలుపు తీస్తూ, పక్క ముసలమ్మతో మాట్లాడుతూ, చూపు చేను మీదే ఉంచి ఆకుకు సున్నం రాసి మడిచేది. ఒక్కనాడూ సంచిలోకి తొంగి చూసింది లేదు. మా అత్తమ్మ ఈ సంగతి గుర్తు చేసి, "మీ కార్లు చేసేటోళ్ళు ఆ సంచి సూడలేదేమో" అనింది. నవ్వొచ్చింది గానీ మాట నిజమే కదండీ.

ఇంగ్లండు డోరతీ

కార్లు చేసేవాళ్ళు చూశారో లేదో గానీ, ఇంగ్లండులో ఒక ఆడమనిషి మాత్రం ఈ సంగతి ముందే ఆలోచించింది. పేరు డోరతీ లెవిట్. ఆడవాళ్ళు కారు నడపడమే వింత అనుకునే కాలంలో పందేలలో కారు తోలింది. 1909లో ఆడవాళ్ళూ మోటారుకారూ అనే విషయం మీద ఒక పుస్తకం రాసింది. అందులో సీటు కింద ఉండే చిన్న సొరుగు గురించి ప్రత్యేకంగా చెప్పింది. అందులో ఒక జత శుభ్రమైన గ్లోవులు, చేతిరుమాలు, మొహానికి కప్పుకునే పలుచటి ముసుగు, పౌడరు, తలపిన్నులు, చేతి అద్దం, కొన్ని చాక్లెట్లు ఉంచుకోమంది.

ఆ చేతి అద్దం సోకు కోసమే అనుకునేరు. వెనక ఏ బండి వస్తోందో చూసుకోవడానికి అప్పుడప్పుడు ఆ అద్దం పైకెత్తి పట్టుకోమని సలహా చెప్పింది. ఈనాడు ప్రతి కారులో వెనక వైపు చూసే అద్దం బిగించే ఇస్తున్నారు. మన హ్యాండుబ్యాగులో దువ్వెనా అద్దం చూసి వెక్కిరించే మగవాళ్ళకు ఈ సంగతి చెప్పండి.

అప్పటి కార్లకు పైన కప్పు ఉండేది కాదు. చలికి, దుమ్ముకు, జిడ్డుకు గ్లోవులు లేనిదే నడపలేకపోయేవాళ్ళు. వాటిని పెట్టుకునే పెట్టె కాబట్టి గ్లోవ్ బాక్స్ అన్నారు. గ్లోవులు పోయాయి, పేరు మిగిలింది. మన వైపు చాలామంది దాన్ని కూడా డాష్ బోర్డు అనే అంటారు. "డాష్ బోర్డులో ఆర్సీ ఉంది చూడు" అంటారు కదా, అదే ఇది.

కానీ ఒక్కటి గమనించండి. ఈ పెట్టె ఉండేది పక్క సీటులో కూర్చున్నవాళ్ళ మోకాళ్ళ ముందు. సీటు బెల్టు పెట్టుకున్న డ్రైవరు అక్కడికి వంగాలంటే సగం శరీరం స్టీరింగు వదలాలి. అంటే అది డ్రైవరుది కానే కాదు. బండి ఆపాక తీసేవి మాత్రమే అక్కడ ఉండాలి. నేను ఆర్సీ, ఇన్సూరెన్సు, పొల్యూషను కాగితం ఒక జిప్పు కవరులో వేసి అక్కడే పెట్టాను. డిజీలాకర్, ఎం పరివాహన్ యాప్‌లలో ఉన్న కాగితాలు చూపినా చెల్లుతాయని రూల్సు మార్చారు. అయినా ఫోను చార్జింగు అయిపోయే ఇల్లు మాది. అందుకే జెరాక్సులు ఉండాల్సిందే.

మా చిన్నప్పుడు పెళ్ళిళ్ళకు అంబాసిడర్ మాట్లాడేవాళ్ళు. 2014లో ఆ కారు తయారీ ఆగిపోయింది. అందులో గేరు స్టీరింగు పక్కనే ఉండేది కాబట్టి ముందు సీటు బెంచీలాగా ఉండి ముగ్గురు కూర్చునేవాళ్ళు. ఇక మధ్యలో అరలు ఎక్కడివి? డ్రైవరు బీడీకట్ట, అగ్గిపెట్టె చొక్కా జేబులో ఉండేవి, తువ్వాలు భుజం మీద ఉండేది. నిజానికి అంతకంటే అందుబాటు ఏముంది చెప్పండి?

మన దేశంలో మొదటి మారుతి 800 రోడ్డు మీదికి వచ్చింది 1983 డిసెంబరులో. ఆ ఏడాది చివరలోనే అమెరికాలో క్రైస్లర్ వాళ్ళు కొత్త రకం కుటుంబ వ్యాను తయారీ మొదలుపెట్టారు. కప్పులు పెట్టుకునే గుంటలు అందులో తీసి ఇచ్చారని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇప్పుడైతే అవి లేని కారు కనబడదు. మనకు దగ్గరలోనే పెనుకొండ దగ్గర 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. అట్లాంటి కొత్త కార్లలో ఎన్ని అరలో! నా గొడవ మాత్రం పాత కార్లున్న మనలాంటివాళ్ళ గురించే.

ఏది ఎక్కడ

నేను చేసిన మొదటి పని, కారులో ఉన్నవన్నీ అరుగు మీద కుమ్మరించడం. నమ్మండి, మూడు గొడుగులు, ఎండిపోయిన నిమ్మకాయలు, ఒంటి చెప్పు, పోయిన ఏడాది పెళ్ళిపత్రికలు, సీటు సందులో నలభై ఏడు రూపాయల చిల్లర దొరికాయి. చిల్లర చూసి మా ఆయన "ఇంకో నాలుగుసార్లు ఊడిస్తే కారు వాయిదా కట్టొచ్చు" అన్నారు.

ఆ తర్వాత ఒక్కో వస్తువు చేతిలోకి తీసుకుని, ఇది బండి పోతుండగా కావాలా, ఆగినప్పుడు కావాలా, ఇంటికి చేరాక కావాలా అని అడుగుతూ పోయాను. మీరూ చేసి చూడండి. పోతుండగా కావాల్సినవి రెండో మూడో మిగులుతాయి, అంతకు మించి ఉండవు. నాకు కళ్ళజోడు, చేతిరుమాలు మిగిలాయి. సాయంత్రం పూట మా ఊరి నుంచి పెనకచర్ల డ్యాము వైపు పోతే ఎండ నేరుగా కళ్ళల్లో కొడుతుంది. కళ్ళజోడు వెతుక్కునే పని ఉండకూడదు. ఎక్కేముందే తీసి పెట్టుకోవడం ఇంకా మేలు.

చిల్లర సంగతి చూద్దాం. కర్నూలు వైపు పోతే కాసేపల్లి దగ్గర, బెంగళూరు వైపు పోతే మరూరు దగ్గర టోల్ గేట్లున్నాయి. 2021 ఫిబ్రవరిలో ఫాస్టాగ్ తప్పనిసరి చేశాక అక్కడ చిల్లరతో పని తగ్గింది. కానీ పార్కింగు వాడికి, జామకాయల అవ్వకు, గుడి దగ్గర పూలకు చిల్లర కావాలి. అదివరకు ఫోటో ఫిల్ము డబ్బాలు ఉండేవి, రూపాయి నాణేలకు భలేగా సరిపోయేవి. ఇప్పుడు అవి ఎక్కడివి? నేను ఒక చిన్న స్టీలు గ్లాసుకు పాత సాక్సు తొడిగి కప్పు గుంటలో దింపాను. సాక్సు వల్ల గ్లాసు గుంటకు బిగుతుగా పట్టింది, గలగలా మోగదు. పైన సాక్సు అంచు లోపలికి మడిస్తే మూతలాగా అయింది.

నీళ్ళ సీసా చోటు కుడివైపు తలుపు జేబు. లీటరు సీసా అందులో నిలబడదు, ఒరిగి బయటపడుతుంది. అర లీటరు సీసా పట్టుకుపోయి పెట్టి చూసి మరీ కొనండి. బండి ఆపితే తప్ప తాగకండి. ఇంకొక సీసా ఉంటే పక్క తలుపు జేబులో పెట్టాలి గానీ సీటు మీద, కాళ్ళ దగ్గర వద్దే వద్దు. డ్రైవరు సీటు కింద ఏదీ ఉండకూడదు. గొడుగు కూడా వద్దు. మన ఆడవాళ్ళకు ఇంకొక అలవాటుంది. మడమ చెప్పులతో తొక్కడం కుదరదని విప్పి పక్కన పెట్టుకుంటాం. ఆ చెప్పులు కూడా నా నీళ్ళ సీసాలాగే పెడలు కిందికి జారతాయి. విప్పితే వెనక సీటు కాళ్ళ దగ్గర పెట్టండి.

ఫోను నేను హ్యాండుబ్యాగులో వేసి, జిప్పు లాగి, అత్తమ్మకు ఇచ్చేస్తాను. అది మోగితే ఆమె తీసి, "మా కోడలు బండి తోల్తాంది, ఆనక మాట్లాడు" అని పెట్టేస్తుంది. ఇంతకంటే మంచి ఫోను స్టాండు బజారులో దొరకదు.

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది, ఆ చక్కెర. ఇప్పుడు అది రెండు సీట్ల మధ్య అరలో, అత్తమ్మ కుడిచేతి కింద, ఎర్ర మూత డబ్బాలో ఉంది. ఎర్ర మూత డబ్బా కారులో ఇంకొకటి లేదు. చాక్లెట్లు పెడదామనుకున్నాను గానీ మా ఎండకు అవి పాయసం అయిపోతాయి. బెల్లం పాకం కారుతుంది. పటికబెల్లం కరగదు, పాడవదు. చేతికి తోచినంత కాకుండా లెక్కగా ఉండాలని డాక్టరమ్మను అడిగాను. షుగరు పడిపోయినప్పుడు మూడు టీ చెంచాల చక్కెర, అంటే దాదాపు 15 గ్రాములు నీళ్ళలో ఇచ్చి, పావుగంట చూసి, తగ్గకపోతే మళ్ళీ అంతే ఇవ్వాలని, తర్వాత ఏదైనా తినిపించాలని చెప్పింది. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి. మా త్రాసులో తూచి పదిహేనేసి గ్రాముల చొప్పున పటికబెల్లం పొడి చిన్న పొట్లాలు కట్టాను. పక్కనే రెండు పలుకులు విడిగా వేశాను, నోట్లో వేసుకోవడానికి. మీ ఇంట్లోవాళ్ళకు ఎంత ఇవ్వాలో మీ డాక్టరును అడిగి పెట్టుకోండి.

కుట్టుమిషను ఉంటే

మా జిల్లాలో రాయదుర్గం జీన్సు ప్యాంట్లకు పేరు. మా అబ్బాయి పాత జీన్సు చిరగదు, పొట్టిదవుతుంది అంతే. ఆ గుడ్డతో రెండు వస్తువులు కుట్టాను. బజారులోవాటి కంటే గట్టివి.

ఒకటి, ఎండకు దించుకునే పలకకు తొడిగే జేబు. 13 అంగుళాల పొడవు, 6 అంగుళాల వెడల్పు గుడ్డ ఒకటి. మీ కారు పలక కొలిచి కొద్దిగా తగ్గించి తీసుకోండి. దాని మీద అంతే పొడవు, మూడున్నర అంగుళాల వెడల్పు పట్టీ మూడు వైపులా కుట్టాలి. నిలువుగా రెండు కుట్లు వేస్తే మూడు అరలవుతాయి. లైసెన్సు కార్డుకు నాలుగు అంగుళాల అర, పెన్నుకు అంగుళంన్నర, మిగిలింది కళ్ళజోడుకు. అంగుళం వెడల్పు ఎలాస్టిక్ రెండు ముక్కలు వెనక అంచుల్లో కుడితే పలకను గట్టిగా పట్టుకుంటుంది. జేబు నోటి దగ్గర కూడా సన్న ఎలాస్టిక్ లాగితే మంచిది. ఒక జాగ్రత్త. జేబు నోరు పలక మడత ఉన్న వైపు, అంటే అద్దం వైపు ఉండాలి. మొదటిసారి నేను తలకిందులుగా కుట్టాను. పలక దించగానే కళ్ళజోడు, పెన్ను, లైసెన్సు అన్నీ ఒళ్ళో పడ్డాయి. విప్పి మళ్ళీ కుట్టాను. బరువైనవి, మొనదేలినవి అక్కడ పెట్టకండి.

రెండోది, సీటుకూ మధ్య అరకూ నడుమ ఉండే సందు మూసే దిండు. ఆ సందు ఉంది చూశారూ, అది బావి! తాళం, నాణెం, ఫోను, ఏదైనా మింగుతుంది. అందులో చెయ్యి దూర్చి తీయబోయి ఎంతమంది రోడ్డు చూడటం మరిచిపోతారో! ప్యాంటు కాలు 18 అంగుళాలు కత్తిరించి, చదునుగా ఐదు అంగుళాల వెడల్పు వచ్చేట్టు గొట్టంలా కుట్టి, పాత దిండులోని దూది కూరి రెండు నోళ్ళూ మూసేయాలి. సీటు బెల్టు కొక్కెం వచ్చే చోట ఒక గుడ్డ ఉంగరం కుట్టి, కొక్కెం మెడకు తొడిగితే సీటు ముందుకు జరిపినా దిండు వెంటే వస్తుంది. కొక్కెం నోరు మాత్రం మూసుకుపోకూడదు, హ్యాండ్ బ్రేకుకు అడ్డం రాకూడదు. కుట్టాక బండి కదలకుండా ఉన్నప్పుడు రెండు మూడుసార్లు బ్రేకు లాగి, బెల్టు పెట్టి చూసుకోండి.

మా ఎండలు, మా దేవుళ్ళు

అనంతపురం ఎండ సంగతి తెలియనివాళ్ళకు ఒక మాట. తలుపులు మూసిన కారు గంటసేపు ఎండలో నిలబడితే లోపలి వేడి బయటికంటే ఇరవై డిగ్రీలు పైనే పెరుగుతుంది. బయట 42 ఉంటే లోపల ఎంతో మీరే చెప్పండి. ముందు అద్దం కింద ఇంకా ఎక్కువ. సెంటు డబ్బాలు, స్ప్రేల మీద 50 డిగ్రీలు దాటిన చోట పెట్టవద్దని సన్న అక్షరాల్లో రాసే ఉంటుంది, మనమే చదవం. సిగరెట్ లైటరు, పవర్ బ్యాంకు కూడా కారులో వదిలి దిగకూడదు. కుంకుమ భరిణె అయితే ఫరవాలేదు గానీ, తిలకం సీసా కరిగి మా సీటు మీద ఇప్పటికీ మరక ఉంది.

ఇన్సులిన్ అయితే అసలు వద్దు. తెరవని ఇన్సులిన్ ఫ్రిజ్జులో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. వాడుతున్నది కూడా వేడికి పనికిరాకుండా పోతుంది, చూడ్డానికి మాత్రం ఏ తేడా కనబడకపోవచ్చు. ఐసుకు ఆనించి గడ్డ కట్టించినా అంతే. నేను దాన్ని తువ్వాలులో చుట్టి, చల్లని నీళ్ళ సీసా పక్కన చిన్న సంచిలో పెట్టి, దిగేటప్పుడు చంకన వేసుకునే దిగుతాను. కారులో ఉండే డబ్బాలు వేరు, మనతో దిగే సంచి వేరు. ఈ రెంటినీ కలపకండి.

ఇక దేవుడి విషయంలో ఇంట్లో చిన్న గొడవే జరిగింది. కారు కొన్నప్పుడు కసాపురం ఆంజనేయస్వామి గుడికి తీసుకుపోయి పూజ చేయించాం. అక్కడ కొన్న ఇత్తడి విగ్రహాన్ని అత్తమ్మ తన సీటు ఎదురుగా జిగురు టేపుతో అంటించింది. ఆ చోట ప్లాస్టిక్కు మీద ఎయిర్ బ్యాగ్ అని చెక్కి ఉంది. ముందు సీట్లు రెండింటికీ ఎయిర్ బ్యాగులు ఉండాలని మన దేశంలో 2021 చివరి నుంచి అన్ని కొత్త కార్లకూ నియమం వచ్చింది. మాది అంతకు ముందుదే అయినా అందులో ఉన్నాయి. గుద్దుకున్నప్పుడు ఆ మూత రెప్పపాటులో చీల్చుకుని బ్యాగు పొంగుతుంది. దాని మీద ఏముంటే అది మొహం మీదికి రాయిలా వస్తుంది. మెకానిక్ ఈ మాట చెబితే అత్తమ్మ ఒప్పుకోలేదు. "సామి నా మీద పడతాడా?" అనింది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. చివరికి మా ఆయన విగ్రహాన్ని ఇంట్లో పూజగూట్లో పెట్టించి, మధ్యలో గడియారం పక్కన స్వామి స్టిక్కరు అంటించారు. ముందు అద్దానికి వేలాడే మిరపకాయల దండ మాత్రం బయట బంపరుకు మార్చాం. లోపల ఊగుతుంటే రోడ్డు మీది మనిషి కనబడడం లేదు.

ఇవన్నీ చేసి ఏడాది కావస్తోంది. పోయిన నెల మళ్ళీ అనంతపురం నుంచి వస్తుండగా ఒకచోట అత్తమ్మకు కొంచెం చెమట పట్టింది. నేను పక్కకు తీసి బండి ఆపేలోపే ఎర్ర మూత తీసిన చప్పుడు వినబడింది. చూస్తే పటికబెల్లం పలుకు అప్పటికే బుగ్గన ఉంది. "ఏందే ఆపినావు? పో, ఏం కాలేదు" అనింది. నేను మాత్రం పావుగంట ఆపే ఉంచాను. ఆ పావుగంటా ఆమె వక్కాకు సంచి కబుర్లే.

ఇప్పుడు ఒక్కటే తంటా. మా మనవరాలు సెలవులకు వచ్చి ఎర్ర మూత డబ్బా కనిపెట్టేసింది. పొట్లాలు ఆరు ఉండాల్సింది, నిన్న చూస్తే రెండున్నాయి. మంగళవారం మళ్ళీ ఆసుపత్రికి పోవాలి. అంగడికి పోయి పటికబెల్లం తేవాలి, ఈసారి ఆ పాపకు వేరే డబ్బా కట్టాలి, నీలం మూతది.